తెరుచుకోని పోర్టుకు వెయ్యి దండాలు

ఇంట్లో వైఫై రౌటర్ ఉండి, దాంట్లో పోర్టు ఫార్వర్డింగ్ మొదటిసారికే కుదిరిపోయిన వాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, ఏం బతుకండీ అది? సెట్టింగ్ పెట్టారు, పనిచేసింది, పోయి పడుకున్నారు. నలుగురిలో కూర్చుని చెప్పుకోవడానికి ఒక్క ముక్క మిగల్లేదు!

అదే పోర్టు తెరుచుకోని ఇల్లు చూడండి, కళకళలాడుతూ ఉంటుంది. మనుషులు ఒకచోట కూడతారు. ఒకరి తెలివితేటల మీద ఒకరు సందేహాలు వెలిబుచ్చుకుంటారు. ఎవరి గదిలో వాళ్ళు, ఎవరి ఫోన్‌లో వాళ్ళు మునిగిపోయే ఈ రోజుల్లో ఒక ఇంట్లో ముగ్గురు మనుషులు ఒకే డబ్బా వైపు గంటసేపు చూస్తూ కూర్చోవడం మీరెక్కడైనా చూశారా? మా ఇంటికి రండి, చూపిస్తాను.

పోర్టు ఫార్వర్డింగ్ అంటే ఏమిటో తెలియని అదృష్టవంతులు మీలో ఉంటారు. వాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెబుతాను. రౌటర్ అంటే మన గేటు దగ్గర కూర్చున్న వాచ్‌మన్ అనుకోండి. లోపలివాళ్ళు బయటికి వెళ్తానంటే సరేనంటాడు. బయటి నుంచి ఎవరైనా వస్తే మాత్రం, ఎవరు నువ్వు, ఎవరి కోసం వచ్చావు అని కూడా అడగకుండా గేటు మూసేస్తాడు. 'ఫలానా నంబరు చెప్పి ఎవరైనా వస్తే ఫలానా గదిలోకి పంపవయ్యా' అని అతనికి ముందే చెప్పి ఉంచుకోవడమే పోర్టు ఫార్వర్డింగ్. ఆ నంబరు పేరే పోర్టు. చెప్పడం మన చేతిలోనే ఉంది, వినడమే అతని చేతిలో ఉంది.

నాకు ఈ గొడవతో పని ఎందుకు పడిందంటారా? మా ఆవిడ వల్ల. ఏ మగవాడైనా ఇంతకన్నా వేరే కారణం చెబుతాడా?

మా ఆవిడ నర్సు. పిల్ల పుట్టినప్పుడు పెట్టిన సెలవు అయిపోయి మళ్ళీ డ్యూటీలో చేరింది. చేరగానే ఆసుపత్రివాళ్ళు మధ్యాహ్నం షిఫ్టు వేశారు. ఇంటికి వచ్చేసరికి మా బుడ్డది నిద్రపోయి ఉంటుంది. బుడ్డది అంటే మా అమ్మాయి. ఏడాది నిండబోతోంది. పొద్దునపూట దానికి కూర్చుని తినడం, తిన్నంత తిని మిగతాది నేలకు పూయడం తప్ప వేరే పని ఉండదు. దాని సాహసాలన్నీ సాయంత్రం మొదలవుతాయి. సోఫా పట్టుకుని లేచి నిలబడుతుంది. ఒక చెయ్యి వదిలేసి, చూస్తున్నారా లేదా అన్నట్టు అందరి వైపూ తిరుగుతుంది. రెండో చెయ్యి కూడా వదలబోయి కూలబడుతుంది. ఇవాళో రేపో అడుగేస్తుందని చూసినవాళ్ళంతా అంటున్నారు.

ఒకరోజు డ్యూటీకి బయల్దేరుతూ, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "మొదటి అడుగు ఇది నేను లేనప్పుడే వేస్తుందేమోనండీ," అంది మా ఆవిడ.

వెనక్కి వచ్చి పిల్ల కాలి వేళ్ళు ఒకసారి పట్టుకుని చూసుకుని వెళ్ళిపోయింది. ఇల్లు గడవడానికి ఆవిడ బయటికి వెళ్తోంది, నేను ఇంట్లో కూర్చుని ఇలాంటి వ్యాసాలు రాసుకుంటున్నాను. కనబడింది కనబడినట్టు రాసి పాఠకుల కళ్ళకు కట్టిస్తానని నా గురించి నేనే పదిమందికీ చెప్పుకుంటూ ఉంటాను కూడా!

ఏదో ఒకటి చెయ్యాలి అనుకున్నాను. అంతలో మా బావమరిది వచ్చాడు.

మా బావమరిది కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాడు. అయినా మా రెండు కుటుంబాలకూ కంప్యూటర్ నిపుణుడు వాడే. ఒకప్పుడు మా టీవీ రిమోట్‌లో బ్యాటరీలు తిరగేసి పెట్టి దాన్ని బతికించాడు, అప్పటి నుంచి ఆ పదవి వాడిదే. సంగతి విని, "ఇదో సమస్యా బావా? హాల్లో కెమెరా పెడదాం. అక్క హాస్పిటల్లో బ్రేక్ దొరికినప్పుడల్లా ఫోన్‌లో చూసుకుంటుంది," అన్నాడు.

వీడియో కాల్ చేసుకోవచ్చు కదా అని మీ నోటి దాకా వచ్చింది, నాకు తెలుసు. చేశాం. మా బుడ్డది ఎంత ఉత్సాహంగా నిలబడి ఉన్నా సరే, ఎదురుగా ఫోన్ కనబడితే చాలు, దబ్బున కూర్చుని దాన్ని పట్టుకోవడానికి పాక్కుంటూ వస్తుంది. ఆ తర్వాత మా ఆవిడకు కనబడేది దాని నోటి లోపలి భాగం మాత్రమే. వచ్చిన రెండు పళ్ళనూ ఆవిడ బ్రేకుల్లో ఎన్నోసార్లు దగ్గర్నుంచి చూసింది.

పోనీ కంపెనీవాళ్ళే వీడియో దాచిపెట్టి చూపించే కెమెరాలు ఉంటాయట కదా అంటే మా బావమరిది ఒప్పుకోలేదు. మన పిల్ల వీడియో ఎవడి కంప్యూటర్లోనో ఉండటమేమిటని కోప్పడ్డాడు. అందుకని కెమెరాతో పాటు ఒక రికార్డర్ డబ్బా కూడా తెచ్చి టీవీ కింద పెట్టాడు. ఆ డబ్బా దాకా మా ఆవిడ ఫోన్ బయటి నుంచి రాగలిగితే చాలు. ఒక్క పోర్టు ఫార్వర్డ్ చేస్తే అయిపోతుంది, కాఫీ తాగేలోపు పని పూర్తి చేస్తానన్నాడు. కాఫీ తాగాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఎన్ని కాఫీలు తాగాడో వాడికే తెలియదు.

ఇక్కడి నుంచి మొదలవుతాయి లాభాలు. శ్రద్ధగా వినండి.

మొట్టమొదటి లాభం ఆరోగ్యం. రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్ళాలంటే పాస్‌వర్డ్ కావాలి. ఆ పాస్‌వర్డ్ రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. చీమలు కూడా కళ్ళజోడు పెట్టుకుని చదువుకోవాల్సినంత సైజులో ఉంటుంది. నేను డబ్బాను తిరగేసి ముక్కుకు ఆనించుకున్నాను, చేతులు చాచి దూరంగా పెట్టుకున్నాను, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. నా విన్యాసాలన్నీ మా బావమరిది చేతులు కట్టుకుని చూశాడు. చూసి, షాపు నుంచి అద్దాల పెట్టె తెచ్చి నా ముక్కు మీద ఒక్కొక్క అద్దమే పెట్టి తీశాడు. నాకు చత్వారం వచ్చిందట! ఆ పోర్టే గనక మర్యాదగా తెరుచుకుని ఉంటే నా కళ్ళ సంగతి నాకు ఎప్పటికి తెలిసేది?

రెండోది ఇంట్లో ఉన్న వస్తువులతో పరిచయం. మా ఇంట్లో ఇంటర్నెట్ వాడే వస్తువులు ఇన్ని ఉన్నాయని నాకు తెలియదు. రౌటర్ ఒక్కోదానికీ ఒక నంబరు ఇస్తుందట. మన నియమం ఆ నంబరు మీదే నడుస్తుంది. మా బావమరిది రికార్డర్ నంబరు చూసి, బయటి నుంచి ఎవరొచ్చినా ఈ నంబరు దగ్గరికి పంపు అని రాసి పెట్టాడు. అంతా సవ్యంగా ఉందని అక్కకు ఫోన్ చేశాడు. ఆవిడ బ్రేక్‌లో ప్రయత్నిస్తే తెల్లటి తెర, మధ్యలో గుండ్రంగా తిరిగే చక్రం. అంతే కనబడింది.

సరే, ఒకసారి రౌటర్ ఆపి మళ్ళీ పెట్టాడు. అలా ఆపి పెట్టినప్పుడల్లా అది నంబర్లన్నీ పేకముక్కల్లా కలిపి మళ్ళీ పంచుతుందన్న సంగతి మాకు తెలియదు. ఈసారి నేను ఇంట్లోంచే నా ఫోన్‌లో ప్రయత్నిస్తే తెర మీద ఒక పేజీ వచ్చింది. ఎగిరి గంతేశాను! తీరా చూస్తే 'నల్ల ఇంకు అయిపోవచ్చింది' అని ఉంది. రికార్డర్ నంబరు ప్రింటర్‌కు వెళ్ళిపోయింది. మేము మా బుడ్డదాన్ని చూడటానికి వెళ్ళి ప్రింటర్ కష్టసుఖాలు విని వచ్చామన్నమాట. పాపం, అదీ ఎన్నాళ్ళ నుంచి చెప్పుకుందామనుకుంటోందో! వెంటనే ఇంకు తెప్పించాను. ఆ తర్వాత రికార్డర్‌కు ఎప్పటికీ మారని నంబరు ఒకటి కేటాయించే పద్ధతి మా బావమరిది కనిపెట్టాడు.

మూడోది వ్యాయామం. ఇంట్లోంచి చూస్తే కుదరదు, బయటి నుంచి చూస్తేనే అసలు పరీక్ష అన్నాడు మా నిపుణుడు. నాకూ సబబుగానే తోచింది. ఫోన్ పట్టుకుని వీధిలోకి వెళ్ళాను. మా ఇంటి దగ్గర నుంచి మలుపు దాకా నడిచాను. అక్కడ బార్బర్ షాపు ఉంది. దాని ముందు నిలబడి ఫోన్ నొక్కితే, ఆహా! మా హాలు, మా సోఫా, సోఫా దగ్గర కూలబడి మా బావమరిది చెప్పు కొరుకుతున్న మా బుడ్డది! నేను నడివీధిలో కేక పెట్టాను. సగం గడ్డం గీయించుకున్న పెద్దమనిషి ఒకాయన సబ్బు నురగతోనే బయటికి వచ్చి చూశాడు. మా ఆవిడకు ఫోన్ చేసి, దారి తెరుచుకుంది, చూసుకో అని చెప్పాను.

ఆవిడ ఆ సాయంత్రం బ్రేక్ అంతా తెల్లటి తెర చూస్తూ కూర్చుందట. తన ఫోన్‌లోనే ఏదో లోపం ఉందనుకుందట.

మేము రోజుల తరబడి ఇదే చేశాం. నేను బార్బర్ షాపు ముందు నిలబడితే బ్రహ్మాండంగా కనబడుతుంది, ఆవిడకు ఆసుపత్రిలో కనబడదు. నీ ఫోన్ పాతదయిపోయిందని నేను, మీ వార్డు గోడలు మందమని వాడు. ఆఖరికి బార్బరే తేల్చాడు. "మీరు వచ్చి నిలబడినప్పుడల్లా నా ఫోన్‌లో కూడా మీ ఇంటి వైఫై పేరు కనబడుతూనే ఉంటుంది సార్. ఎప్పుడూ ఫుల్లే," అన్నాడు.

చూశారా ఘోరం! మా పడగ్గదిలో మంచం మీద కూర్చుంటే చుక్క సిగ్నల్ రాదు. వంటింట్లో అసలే రాదు. కిటికీలోంచి దూకి వీధి చివర గడ్డాలు గీసే చోటికి మాత్రం నిండుగా వెళ్తోంది. నేను బయటికి వెళ్ళాననుకుని ఇంట్లోనే నిలబడి ఉన్నాను. వైఫై ఆపేసి చూస్తే నాకూ తెల్లటి తెరే వచ్చింది. అయితేనేం? ఆ నడకకు నా ప్యాంట్లన్నీ వదులయ్యాయి. ఇంకా చెప్పాలంటే ఆ బార్బర్ ఇప్పుడు నాకు ఆప్తమిత్రుడు. నా తల ఎక్కడెక్కడ పల్చబడుతోందో మనసులో ఏదీ దాచుకోకుండా చెబుతాడు.

ఇక సెక్యూరిటీ సంగతి చెప్పక్కర్లేదు. మా ఇల్లు ఇప్పుడొక కోట! మా టీవీ తన కంపెనీతో రోజూ గుసగుసలాడుతూనే ఉంటుంది, మేము ఏ సినిమా సగంలో ఆపేశామో అక్కడ వాళ్ళకు తెలుసు. వాషింగ్ మెషీన్ బట్టలు ఎక్కువ వేస్తున్నానని నాకే మెసేజ్ పెడుతుంది. లోన్ కావాలా సర్ అని అడిగే అమ్మాయి నేను ఒంటి నిండా సబ్బు పూసుకుని ఉన్నప్పుడే సరిగ్గా ఫోన్ చేస్తుంది. వీళ్ళెవరికీ ఏ పోర్టూ తెరవక్కర్లేదు. కన్నతల్లి తన పిల్లను చూసుకుంటానంటే మాత్రం మా రౌటర్ ససేమిరా అంటుంది. ఇంతకన్నా కట్టుదిట్టం ఏం కావాలండీ మనకు?

అన్నిటికన్నా పెద్ద లాభం సంగీతం. ఇంటర్నెట్ కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే మనిషి దొరికే లోపల ఒక పాట వేస్తారు. మాటలుండవు, ఉత్త ట్యూనే. మధ్యమధ్యలో మీ కాల్ మాకెంతో ముఖ్యం అని ఒకావిడ వచ్చి ఓదారుస్తూ ఉంటుంది. నేను ఫోన్ స్పీకర్‌లో పెట్టి సోఫా మీద అందకుండా పెట్టేవాణ్ణి. ఆ ట్యూన్ మొదలవగానే మా బుడ్డది సోఫా పట్టుకుని లేచి, మోకాళ్ళు వంచుతూ ఊగడం మొదలుపెట్టేది. మనిషి దొరికి ట్యూన్ ఆగితే ఏడుపు. దాని కాళ్ళకు అంత త్వరగా బలం వచ్చిందంటే ఆ కంపెనీ పుణ్యమే. వాళ్ళు గనక వెంటనే ఫోన్ ఎత్తే రకమైతే పిల్ల ఏమైపోయేది?

దొరికిన మనిషి ప్రతిసారీ ఒకటే మాట చెప్పేవాడు. ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యండి సర్ అని. చేసేవాళ్ళం. నెట్ వస్తోందా సర్ అని అడిగేవాడు. వస్తోందనేవాణ్ణి. అయితే మీ సమస్య తీరిపోయింది సర్, ఇంకేమైనా సహాయం కావాలా అనేవాడు. ఇంత నిశ్చింతగా బతికే మనుషులు ఈ భూమ్మీద ఉన్నారని తెలియడం కూడా ఒక లాభమే కదా!

ఇలా కాదని మా బావమరిది ఒకరోజు గట్టిగా మాట్లాడాడు. దాంతో కంపెనీ నుంచి టెక్నీషియన్ వచ్చాడు. నడివయసు మనిషి. హాల్లో టీవీ పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, కొత్త డబ్బా వేసి చూద్దాం, అన్నీ ఒకసారి ఆపెయ్యండి అన్నాడు. రౌటర్, రికార్డర్, కెమెరా అన్నీ ఆపేశాం. సాయంత్రం. మా ఆవిడకు బ్రేక్ వేళ. ఆవిడ ఆసుపత్రిలో స్టాఫ్ రూమ్‌లో ఫోన్ పట్టుకుని కూర్చుని ఉంది. మా బావమరిది రికార్డర్ వైరు ఎటు పోతోందో చూడటానికి బల్ల కిందికి దూరి, స్పీకర్‌లో అక్కకు పరిస్థితి వివరిస్తున్నాడు. నేను ఈసారి బార్బర్ షాపు కూడా దాటి, వైఫై పేరు కూడా కనబడనంత దూరం వెళ్ళి నిలబడ్డాను. ఎంతకీ లోపలి నుంచి కబురు రాదు. విసుగొచ్చి తిరిగి వచ్చాను.

గుమ్మంలో అడుగు పెట్టేసరికి మా బుడ్డది టీవీ పక్కన, టెక్నీషియన్ చొక్కా కాలర్ పట్టుకుని నిలబడి ఉంది. దాని సోఫా అక్కడెక్కడో అవతలి గోడ దగ్గర ఉంది.

ఇది ఇక్కడికి ఎలా వచ్చిందని అడిగాను.

"నడుచుకుంటూ వచ్చిందండీ," అన్నాడతను, వైరు బిగిస్తూనే. నా మొహం చూసి ఆగాడు. "ఏం, రోజూ నడవదా?"

బల్ల కింద ఠప్పుమని చప్పుడయింది. మా బావమరిది తల. ఫోన్‌లోంచి మా ఆవిడ గొంతు, ఏమైందిరా అని. వాడు బల్ల కిందినుంచి నన్ను చూశాడు, నేను వాణ్ణి చూశాను. ఏం లేదక్కా, బల్ల తగిలింది అన్నాడు. ఐస్ పెట్టుకో, రుద్దకు అని చెప్పి ఆవిడ మళ్ళీ వార్డులోకి వెళ్ళిపోయింది.

కొత్త డబ్బా లైట్లు పచ్చగా వెలిగాయి. కెమెరా కూడా కళ్ళు తెరిచింది. పోర్టు మాత్రం తెరుచుకోలేదు. టెక్నీషియన్ నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. అతను వెళ్ళాక మా బావమరిది నెత్తి మీద ఐస్ పెట్టుకుని రౌటర్ పేజీ చూస్తూ చూస్తూ ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నాడు. మా ఇంటి అడ్రస్ అని రౌటర్ చెబుతున్న నంబరు ఒకటి, మేము ఇంటర్నెట్‌లోకి వెళ్తే బయటి ప్రపంచానికి కనబడుతున్న నంబరు ఇంకొకటి. ఇన్నాళ్ళూ మేము మా ఆవిడ ఫోన్‌లో పెట్టింది మొదటిది.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. ఈసారి ఒక అమ్మాయి దొరికింది. మా కనెక్షన్‌కు సొంత అడ్రస్ ఉండదట. చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ కలిపి ఒకటే ఇస్తారట. అందుకని బయటి నుంచి లోపలికి ఎవరూ రావడం కుదరదట. అంటే మా వాచ్‌మన్‌కు మేము ఎన్ని జాగ్రత్తలు చెప్పుకుంటే ఏం లాభం? వీధి మొదట్లో ఇంకో వాచ్‌మన్ ఉన్నాడు, వాడికి మేమెవరమో కూడా తెలియదు. ఈ ముక్క మొదటి రోజే చెప్పొచ్చు కదమ్మా అన్నాను.

"మీరు అడగలేదు కదా సర్," అంది ఆ అమ్మాయి, ఎంతో మర్యాదగా.

పోర్టు గొడవ అక్కడితో ముగిసింది. మిగిలింది అసలు గొడవ. మా ఆవిడకు ఏమని చెప్పాలి? నేనూ మా బావమరిదీ ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాం. మర్నాడు ఆవిడకు వారానికోసారి వచ్చే సెలవు. పొద్దున ఆవిడ ఎదురుగానే బుడ్డదాన్ని నడిపిద్దాం. అదే మొదటి అడుగు. చూడని అడుగు అసలు పడనే లేదు. ఇందులో మోసం ఏముంది చెప్పండి? కొంచెం ఆలస్యంగా ప్రసారం చేస్తున్నాం, అంతే!

మర్నాడు పొద్దున మా బావమరిది షాపు నుంచి తళతళలాడే ఎర్ర కళ్ళజోడు పెట్టె ఒకటి పట్టుకుని వచ్చాడు. బుడ్డదాన్ని సోఫా దగ్గర నిలబెట్టి, కుర్చీ వెనక నిలబడి పెట్టె ఆడించాడు. అది కాసేపు చూసింది. చేతులు వదిలేసింది. నడిచింది! కుర్చీ దాకా వచ్చి, కుర్చీ చుట్టూ తిరిగి, వెళ్ళి పెట్టె లాక్కుంది. నేను గుండె మీద చెయ్యి వేసుకున్నాను. మా బావమరిది ఏకంగా నేల మీద కూలబడ్డాడు. మేమిద్దరం నాటకాల్లో చేరాల్సిన వాళ్ళం.

మా ఆవిడ పిల్లను ఎత్తుకుని ముద్దు పెట్టుకుంది. పెట్టుకుని మా వైపు తిరిగింది.

"ఎప్పుడు నడిచింది?" అంది.

ఇప్పుడే కదా, నీ కళ్ళ ముందే కదా అన్నాను.

"మొదటిసారి నడిచే పిల్ల నేరుగా నడిచి పడిపోతుందండీ. మలుపు తిరగదు. ఇది కుర్చీ చుట్టూ తిరిగి వచ్చింది."

మా బావమరిది చెయ్యి దానంతట అదే నెత్తి మీది బొప్పి మీదికి వెళ్ళింది. ఇంకేం దాస్తాం? అంతా చెప్పేశాం. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. పిల్లను ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుంది.

"పోనీలెండి. ఎలా నడిచిందో చెప్పండి," అంది నాతో.

నేను వీధిలో ఉన్నానన్నాను. నేను బల్ల కింద ఉన్నానక్కా అన్నాడు వాడు.

"నేను కెమెరా అడగలేదండీ," అంది మా ఆవిడ నెమ్మదిగా. "ఇంట్లో మీరున్నారు కదా అనుకున్నాను. మీరు చూసి చెబితే నేను చూసినట్టే కదా అనుకున్నాను."

షిఫ్టు మార్చమని ఆవిడ అప్పటికే వార్డు ఇన్‌చార్జిని అడిగిందట. ఇంట్లో మీ ఆయన ఉంటారుగా, పిల్లను చూసుకోవడానికి అందట ఆ ఇన్‌చార్జి. ఉంటారండీ అని ఈవిడ ధీమాగా చెప్పి వచ్చిందట. ఆ మాట విన్నాక నాకు ఎక్కడ చూడాలో తోచలేదు. మా ఇంట్లో చూడాల్సిన మనిషి ఉన్నాడు. జీతం భత్యం లేకపోయినా ఆ ఉద్యోగం అతనిదే. అతను సాయంత్రం పూట బార్బర్ షాపు దాటి వెళ్ళి నిలబడితే ఎవరికి కంప్లయింట్ ఇవ్వాలి? ఏ నంబరుకు ఫోన్ చెయ్యాలి?

నేను ఇలా తత్వంలో పడి ఉండగా మా ఆవిడ చెయ్యి చాచి నా ఫోన్ అడిగింది. టెక్నీషియన్ మా ఇల్లు ఎక్కడో కనుక్కోవడానికి అంతకుముందు రోజు నాకు ఫోన్ చేశాడు, ఆ నంబరు అందులో ఉంది. అతనికి ఫోన్ చేసింది. నిన్న మా ఇంటికి వచ్చారు కదండీ, మా పాప మీ దగ్గరికి నడిచి వచ్చిందట కదా, ఎలా వచ్చిందో కాస్త చెబుతారా అని అడిగింది.

రౌటర్ గురించి కాదండీ అని ఆవిడే సర్దిచెప్పింది. రౌటర్ బాగాలేదని తిట్టడానికి ఫోన్ చేశారనుకుని ఉంటాడు పాపం. ఆ తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. తీరిగ్గా చెబుతున్నట్టున్నాడు. మా ఆవిడ ఫోన్ చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, ఊ కొడుతూ వింది. రెండు చేతులూ పైకెత్తిందా అంది. నవ్వింది. మధ్యలో ఒకసారి ఆగిందా అంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మళ్ళీ నవ్వింది. మేమిద్దరం పక్కన కూర్చుని ఆవిడ మొహం చూస్తూ ఉన్నాం.

"ముందు ఏ కాలు వేసిందండీ?" అని అడిగింది ఆఖరున.

అతను చెప్పాడు. ఆవిడ ఒళ్ళో ఉన్న బుడ్డది కాలు ఒకటి పట్టుకుని, చిన్న పాదాన్ని అరచేతిలో పెట్టుకుని, అవునా అంది. చాలా థాంక్సండీ అని ఫోన్ పెట్టేసింది. ఏ కాలు పట్టుకుందో నాకు కనబడలేదు, చీర కొంగు అడ్డం వచ్చింది.

ఏ కాలట అని అడిగాను. ఆవిడ జవాబు చెప్పకుండా పిల్లను చంకనేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ కాలు ఏదో మా ఆవిడకు తెలుసు, ఆ టెక్నీషియన్‌కు తెలుసు. నాకు ఇప్పటిదాకా తెలియదు.